జాగ్రత్త: ‘చేతి కలంకారీ’ అని అమ్మే ముక్క బట్టలను తడిపి చూడకుండా బొంతల్లో కుట్టకండి

ఇంట్లో బొంతలు, అతుకుల దుప్పట్లు కుట్టుకునే అక్కచెల్లెళ్ళందరికీ హెచ్చరికగా ఇది రాస్తున్నాను. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి వెళ్ళే దారిలో ఉన్న ఒక బట్టల దుకాణంలో, చేత్తో గీసిన పెన్ కలంకారీ అని చెప్పి నాకు అమ్మిన నాలుగు మీటర్ల బట్ట, ఒక్క వానజల్లుకే ఎర్రరంగు కక్కి, మా అమ్మ చీరలతో ఆరు వారాలు కూర్చుని కుట్టిన బొంతను పాడు చేసింది. బట్టకు ఇచ్చిన 1,920 రూపాయలను నేను ఎప్పుడో మరిచిపోయాను. మరిచిపోలేనిది ఆ బట్ట పక్కన కుట్టిన చీర ముక్కలను. చీరగానో జాకెట్టుగానో కుట్టించుకున్న బట్ట రంగు పోతే ఆ ఒక్కటే పోతుంది, కానీ బొంతలో ఒక ముక్క రంగు దిగితే దాన్ని ఆనుకుని ఉన్న నాలుగు ముక్కలకూ అంటుకుంటుంది. అందుకే ఈ మోసం అందరికంటే మనవాళ్ళకే ఎక్కువ నష్టం చేస్తుందని నా భయం.

నేను పదకొండేళ్ళుగా బొంతలు కుడుతున్నాను. చంటిపిల్లల పక్కబొంతలు, దిండు గలీబులు, వేడి గిన్నెల కింద పెట్టే మందపు గుడ్డలు, దసరాకు బొమ్మల కొలువు మెట్ల మీద పరిచే అతుకుల గుడ్డ, ఇలా ఏదో ఒకటి మిషను మీద ఎప్పుడూ ఉంటుంది. కొత్త బట్ట ఏది తెచ్చినా కత్తెర పెట్టే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, ఉతికి, నీడలో ఆరవేసి, ఇస్త్రీ చేసిన తరువాతే కొలతలు వేస్తాను. నూలు బట్ట మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది కాబట్టి, కుట్టిన తరువాత కుంచించుకుంటే అతుకులన్నీ ముడతలు పడతాయి. ఇన్నేళ్ళలో ఆ నియమం తప్పింది ఈ ఒక్కసారే.

గత ఏడాది ఆశ్వయుజ మాసం మొదట్లో, శ్రీకాళహస్తిలో దర్శనం చేసుకుని తిరిగి వస్తూ ఆ దుకాణం ముందు ఆగాము. నెమళ్ళు ఒకటి, మామిడి పిందెలు ఒకటి, తీగెలు ఒకటిగా మూడు రకాల కట్ పీసులు చూపించారు. మీటరు 480 రూపాయలు అన్నారు. చేత్తో గీసినదేనా అని నేను రెండుసార్లు అడిగాను. ‘ఇది మా కాడ గీసిందేనమ్మా, స్వర్ణముఖి నీళ్ళలో ఉతికి తెచ్చినాం, రంగు యాడికీ పోదు’ అని యజమాని చెప్పారు. బొంతకు అని చెప్పగానే, ‘మళ్ళీ మీరు ఉతకబాకండి, ఉతికితే కలంకారీ వాసన, పొంకం పోతాయి’ అని కూడా ఆయనే సలహా ఇచ్చారు. ఒక నెమలి ముక్కు పక్కన చిన్న సిరా చుక్క కనిపిస్తే అది చూపించి, ‘చేతి పనికి ఇదే సాక్ష్యం’ అన్నారు. నేను నమ్మాను. బిల్లు అడిగితే ఒక తెల్లకాగితం మీద ‘క్లాత్ నాలుగు మీటర్లు’ అని రాసి, మొత్తం వేసి ఇచ్చారు. దుకాణం పేరు, తేదీ, జీఎస్టీ సంఖ్య ఏవీ దాని మీద లేవు. డబ్బు మాత్రం ఫోన్ ద్వారా పంపాను. ఇప్పుడు నా దగ్గర ఉన్న గట్టి ఆధారం అదొక్కటే.

బొంత కొలత అరవై అంగుళాల వెడల్పు, తొంభై అంగుళాల పొడవు. ఆరంగుళాల చదరాలు నూటయాభై పట్టాయి. అందులో డెబ్బైఐదు ఈ కలంకారీ ముక్కలు, మిగిలిన డెబ్బైఐదు మా అమ్మ కట్టిన రెండు వెంకటగిరి నూలు చీరల నుంచి కోసినవి. ఒకటి మీగడ రంగు, ఇంకొకటి లేత గంధం రంగు. ఆ చీరలు ఎంత పలుచనివంటే అరచేతి మీద పరిస్తే చేతి గీతలు కనిపిస్తాయి. అందువల్ల ప్రతి ముక్క వెనుకా మల్లు గుడ్డ వేసి అంటించి కుట్టవలసి వచ్చింది. కొంగు మీది జరీ పువ్వు ఒక్కొక్కటీ చదరం నడుమకు వచ్చేలా కొలిచి కోశాను. అమ్మ ఇప్పుడు లేదు. ఆ చీరలు బీరువాలో మడతల దగ్గర చిరుగుతూ ఉండడం చూడలేక, అందరం కప్పుకునే వస్తువుగా ఇంట్లో తిరుగుతూ ఉంటే బాగుంటుందని ఈ పని మొదలుపెట్టాను. మూడు పొరలనూ కలిపి చేత్తోనే టాకాలు వేశాను.

కార్తీక మాసం రెండో సగంలో, వనభోజనానికి బంధువులమంతా ఎర్రవారిపాలెం మండలంలోని తలకోనకు వెళ్ళాము. బొంత పూర్తయి నాలుగు రోజులే అయింది. అమ్మ పేరు చెప్పుకుని అందరూ దాని మీద కూర్చుంటారని తీసుకువెళ్ళి, చెట్ల కింద చాప వేసి దాని మీద పరిచాను. ఈశాన్య రుతుపవనాల వానలు ఈ ప్రాంతానికి ఆ రోజుల్లోనే ఎక్కువ కాబట్టి జల్లు పడడం ఆశ్చర్యం కాదు. పది నిమిషాల్లో ఆగిపోయింది. బొంత బాగా తడిసిందని దులిపి, మడతపెట్టి, కారు వెనుక పెట్టాము. ఇంటికి చేరడానికి రెండు గంటలు పట్టింది.

మడత విప్పి చూస్తే, ప్రతి మీగడ రంగు చదరం అంచు చుట్టూ తమలపాకు ఉమ్మి పడినట్టు గులాబీ రంగు పాకి ఉంది. మడత పడిన చోట నెమలి ఆకారం తలకిందులుగా ఎదుటి చీర ముక్క మీద అచ్చు పడింది. నల్లటి గీతల నుంచి ఊదారంగు దిగి మల్లు గుడ్డ దాటి వెనుక అస్తరు దాకా చేరింది. కూర్చున్న పిల్లల్లో మా చెల్లెలి కూతురి తెల్ల గౌను కూడా ఎర్రబడింది.

అప్పుడు నేను చేసిన పని మీరు చేయకూడదు కాబట్టి అది కూడా చెబుతున్నాను. దుకాణానికి ఫోన్ చేస్తే, ఉప్పు నీళ్ళలో నానబెట్టి ఎండలో వేయమన్నారు. కంగారులో అలాగే చేశాను. అప్పటికే బట్టకు అంటుకోకుండా మిగిలిపోయిన రంగును ఉప్పు గానీ వెనిగర్ గానీ ఇంట్లో ఇలా నిలబెట్టలేవు. పైగా తక్కువ నీళ్ళలో నానబెట్టడం వల్ల దిగిన రంగంతా మళ్ళీ తెల్ల ముక్కలకే పట్టింది, ఎండలో ఆరేసరికి మరక గట్టిపడింది. రంగు దిగడం కనిపించిన వెంటనే బట్టను ఆరనివ్వకుండా, మడతపెట్టకుండా, పెద్ద తొట్టెలో పుష్కలంగా సబ్బునీళ్ళు పోసి ముంచి, నీళ్ళు మార్చి మార్చి తేటగా వచ్చేదాకా జాడించాలి. మరక పోలేదని తెలిస్తే ఇస్త్రీ అసలు పెట్టకూడదు.

వారం తరువాత, మిగిలిన చీర ముక్కలనైనా కాపాడుకుందామని బ్లేడుతో కుట్లు విప్పుతూ కలంకారీ చదరాలను ఒక పక్కన పేర్చాను. నెమలి మొత్తంగా పడిన ముక్కలు పదకొండు వచ్చాయి. పదకొండింటిలోనూ ముక్కు పక్కన, అదే దూరంలో, అదే పరిమాణంలో, ఎడమవైపుకు కొద్దిగా తోక సాగిన అదే సిరా చుక్క ఉంది. దుకాణదారుడు చేతి పనికి సాక్ష్యంగా చూపించిన ఆ చుక్క, బట్ట మీద అచ్చు వేసే జాలీ చట్రం (స్క్రీన్) మీద ఉన్న లోపం ప్రతిసారీ అచ్చులో పడడం వల్ల వచ్చింది. తీగెల డిజైను నుంచి నాలుగు పోగులు లాగి వెలిగించి చూస్తే, అవి కాగితంలా కాలి బూడిద కాకుండా, కరిగి చివర గట్టి నల్లపూసలా ముద్ద కట్టాయి. అంటే ఆ బట్టలో పాలిస్టరు కూడా కలిసింది.

ఆ ముక్కలు తీసుకుని శ్రీకాళహస్తిలో తరాలుగా ఈ పని చేస్తున్న ఒక కళాకారుడి ఇంటికి వెళ్ళాను. ఆయన చూసిన వెంటనే వెనుకవైపు తిప్పారు. ముందు నిండు ఎరుపు, వెనుక పాలిపోయిన తెలుపు. ఏమీ అనకుండా లోపలి నుంచి తాను పూర్తిచేసిన బట్ట తెచ్చి, మడిచి, చెంబుతో నీళ్ళు పోసి, పిండి, ఆ నీళ్ళు తెల్లటి పళ్ళెంలో పట్టి నాకు చూపించారు. నీళ్ళలో రంగు లేదు. కారణం ఆ పనిలోనే ఉంది. ముడి నూలు బట్టను ముందు కరక్కాయ కలిపిన పాలలో నానబెడతారు. పాలలోని జిడ్డు రంగు పాకకుండా ఆపుతుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లంతో రోజుల తరబడి పులియబెట్టి తీసిన కసింతో వెదురు కలం పట్టి గీతలు గీస్తే, అది బట్టలోని కరక్కాయ వగరుతో కలిసి నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళు పూసి, మంజిష్ఠ వంటి వేళ్ళతో ఉడికిస్తారు. పటిక ఉన్నచోటే ఎరుపు బట్టను పట్టుకుంటుంది. ఒక్కో దశ తరువాత పారే నీళ్ళలో మళ్ళీ మళ్ళీ ఉతుకుతారు. అన్నిసార్లు ఉతికిన బట్ట మన ఇంటికి వచ్చాక ఒక్క జల్లుకు ఎర్రటి ధారలు కట్టదు. మొదటి ఉతుకులో నీళ్ళు కాస్త మసకబారవచ్చు, అంతే.

ఈ కళ తేలికగా నిలిచింది కాదు. అంతరించిపోయే స్థితిలో ఉన్నప్పుడు చేతివృత్తులను నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ పూనికతో 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం మొదలైంది. ఈ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీకి, ఊరి పేరును ఆ ఊరి సరుకుకే పరిమితం చేసే భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా ఉంది. ఆ పేరు అతికించి అచ్చు బట్ట అమ్మితే మనతో పాటు వాళ్ళ అన్నానికీ గండి పడుతుంది. అందుకే నా కోపం దుకాణం మీద ఉంది కానీ, కలంకారీ మీద లేదు. మచిలీపట్నం, పెడన వైపు చెక్క అచ్చులతో అద్దే కలంకారీ మరొక పద్ధతి, దానికీ దాని విలువ ఉంది. స్క్రీన్ ప్రింటును స్క్రీన్ ప్రింటు అని చెప్పి మీటరు నూటయాభైకి అమ్మినా నాకు అభ్యంతరం లేదు, అప్పుడు నేను ఉతికి, చూసి, వేరే పనికి వాడుకునేదాన్ని.

కొనే ముందు బట్టను తప్పకుండా తిరగేసి చూడండి. తరువాత ఒక బొమ్మను, కొంచెం అవతల ఉన్న అదే బొమ్మను పక్కపక్కన పెట్టి కన్ను, ముక్కు, గీత మందం పోల్చండి. చేత్తో గీసిన రెండు నెమళ్ళు ఎన్నటికీ ఒకేలా ఉండవు. ఒక మచ్చ రెండుచోట్ల ఒకే స్థానంలో కనిపిస్తే అక్కడితో లేచి రండి. తెల్ల చేతిరుమాలు తడిపి ముదురు రంగు మీద ఇరవైసార్లు గట్టిగా రుద్దండి. రుద్దనివ్వని దుకాణంలో కొనకండి. ఇంటికి తెచ్చాక రెండంగుళాల ముక్కను గోరువెచ్చని సబ్బునీళ్ళలో తడిపి, రెండు తెల్ల గుడ్డల మధ్య పెట్టి, పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. నేను ఈ చివరి పరీక్ష ఒక్కటి చేసి ఉన్నా అమ్మ చీరలు దక్కేవి.

దుకాణానికి వెళ్ళి ముక్కలన్నీ ముందు పెడితే, ‘కోసిన బట్ట వెనక్కి తీసుకోము, వానలో తడిపితే మాదా తప్పు’ అన్నారు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. అందుచేత చట్టం సంగతి తెలుసుకున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువు రాయకపోతే ముప్పై రోజుల్లో, వెనక్కి తీసుకోకపోవడం కూడా అంతే. నేను వెళ్ళేసరికి ఆ ముప్పై రోజులు దాటాయి. మీరు ఆలస్యం చేయకండి. అయినా ఫిర్యాదు దారి మూసుకుపోలేదు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళ లోపు వేయవచ్చు, చెల్లించిన ధర ఐదు లక్షల లోపు ఉంటే రుసుము లేదు. ముందుగా జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేశాను, తెలుగులోనే మాట్లాడాను. ఫోన్ చెల్లింపు రుజువు, ఆ తెల్లకాగితం, పదకొండు నెమళ్ళను వరుసగా పేర్చి తీసిన ఫోటో ఫిర్యాదుకు జతచేశాను. దుకాణం నుంచి జవాబు ఇంకా రాలేదు.

డెబ్బైఐదు చీర చదరాల్లో మరక పడనివి పందొమ్మిది మిగిలాయి. వాటిని విడిగా ఉతికి, నీడలో ఆరబెట్టి, తెల్ల కాగితాల మధ్య పెట్టాను. పందొమ్మిదితో పెద్ద బొంత రాదు కానీ, మా చెల్లెలి రెండో బిడ్డకు పక్కబొంత వస్తుంది. ఈసారి నడుమ వేసే కొత్త బట్ట మూడు రోజులుగా తెల్ల గుడ్డతో కలిపి బకెట్టులో నానుతోంది.