టోక్యోలో మందు, విందు: షింజుకు కన్నా కోయెంజీ మేలు

టోక్యో వెళ్తున్నామంటే చాలు, సాయంత్రాలకు షింజుకులో చిన్న బార్లుండే సందులు ఒమొయిదే యొకొచో, గోల్డెన్ గాయ్ చూసి రమ్మని అందరూ చెబుతారు. చూడాల్సినవే, కాదనను. మొదటిది షింజుకు స్టేషన్‌కు పడమటి వైపు, యుద్ధానంతరపు నల్లబజారు నుంచి పుట్టిన సందు. ఎదురుగా మనిషి వస్తే పక్కకు ఒరిగి దారి ఇవ్వాలి. 1999 అగ్నిప్రమాదంలో కొంత కాలిపోయినా, మళ్లీ అంతే ఇరుకుగా కట్టుకున్నారు. రెండోది హనజొనో గుడి పక్కన. ఆరు సందుల్లో రెండు వందలకు పైగా చిన్న బార్లు. ఇప్పుడు రెండుచోట్లా తాగేవాళ్ల కన్నా ఫొటోలు తీసేవాళ్లే ఎక్కువ. నేను కూర్చున్న ఒకచోట గ్లాసు ఖాళీ కాగానే ఇంకొకటి చెబుతావా, లేస్తావా అన్నట్టు చూశారు. తప్పు వాళ్లదీ కాదు, ఏడెనిమిది కుర్చీల మీద వచ్చే ఆదాయంతోనే అద్దె కట్టాలి కదా.

తీరిగ్గా తిని తాగాలంటే చువో లైన్ రైలు ఎక్కి కోయెంజీలో దిగండి. షింజుకు నుంచి పది నిమిషాల లోపే. రైలు పట్టాల వెంబడి, వంతెన కింద, పక్క వీధుల్లో ఇజకాయాలు, అంటే మందుతో పాటు తిండీ పెట్టే దుకాణాలు, వరుసగా ఉంటాయి. గుమ్మం ముందు ఎర్ర లాంతరు, తలుపుకు వేలాడే గుడ్డతెర కనిపిస్తే దుకాణం తెరిచి ఉన్నట్టే. లోపల ఆ పేటవాళ్లే: ఆఫీసు సంచీతో ఒంటరిగా వచ్చినవాళ్లు, పెద్దవయసు దంపతులు, గిటారు మోసుకొచ్చిన కుర్రాళ్లు.

ఒంటరిగా వెళితే బల్ల అడగకండి, కౌంటర్ దగ్గరే కూర్చోండి. వేడి తువ్వాలు చేతికిస్తారు, వెంటనే ఏం తాగుతారని అడుగుతారు. ముందు బీరు చెప్పేసి, తిండి సంగతి తర్వాత చూసుకోవడం అక్కడి పద్ధతి. నా ఎదురుగా పెద్దాయన ఒక చేత్తో బొగ్గుల మీద విసనకర్ర ఊపుతూ, రెండో చేత్తో మాంసం గుచ్చిన పుల్లలు తిప్పుతున్నాడు. కోడి తొడ మాంసం, మధ్యమధ్య ఉల్లికాడ ముక్కలు గుచ్చిన నెగిమా చాలామంది మొదట అడిగేది. నాకు నచ్చినవి మాత్రం కందనకాయ, గుండెకాయ. వీటికి ఉప్పు చాలు. కార్జానికీ, ఉండలుగా చేసిన కైమాకూ సోయా కలిసిన తీపి పులుసు బాగుంటుంది. పుల్లను ఆ పులుసు కుండలో ముంచి, మళ్లీ నిప్పు మీద పెట్టి, ఇంకోసారి ముంచి ఇస్తాడు. మనవాళ్లకు కారం వెలితిగా అనిపిస్తుంది. బల్ల మీది షిచిమి అనే మిరప మసాలా పొడి చల్లుకుంటే కొంత తీరుతుంది.

బియ్యంతో చేసే మద్యం సాకె అడిగితే చిన్న చెక్క పెట్టెలో గ్లాసు పెట్టి, అది పొంగి పెట్టెలోకి కారేదాకా పోశారు. గ్లాసు ఎత్తితే ఒలుకుతుంది కాబట్టి తల వంచి మొదటి గుక్క పీల్చాలి, పెట్టెలో మిగిలింది తర్వాత గ్లాసులో పోసుకోవాలి. సాకె పడనివారికి విస్కీలో సోడా పోసిన హైబాల్, మద్యంలో నిమ్మరసం, సోడా కలిపిన సవర్ ఉన్నాయి. ఇరవై ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మరు.

కూర్చోగానే అడగకుండా ఒక చిన్న గిన్నె వస్తుంది. దీన్ని ఒతోషి అంటారు. బిల్లులో మనిషికి మూడు నుంచి ఐదు వందల యెన్‌లు చేరతాయి. మన బార్లలో శనగలు, పల్లీలు ఊరికే పెట్టడం అలవాటైన ప్రాణానికి ఇది మోసంలా తోస్తుంది. నిజానికి అది కూర్చున్న చోటికి రుసుము, టిప్పు లేని దేశంలో ఆమాత్రం న్యాయమే. పైగా ఆ గిన్నెతో వంటవాడి పనితనం తెలిసిపోతుంది. ఒకచోట పొట్లం విప్పి వేసిన బంగాళాదుంప సలాడ్ పెట్టారు, తర్వాత వచ్చినవన్నీ ఆ తీరులోనే ఉన్నాయి. కోయెంజీలో గంటలకొద్దీ ఉడికిన ముల్లంగి ముక్క పెట్టారు, చాప్‌స్టిక్స్ తగిలితే విడిపోయింది.

శాకాహారులకు కష్టమే. ఎండబెట్టిన బొనీటో చేపతో కాచిన దాషి రసం లేని వంటకం తక్కువ. చల్లని టోఫూ మీద కూడా ఆ చేప తురుము చల్లుతారు, వద్దని ముందే చెప్పాలి. ఉప్పు వేసి ఉడికించిన ఎడమామె అనే పచ్చి సోయా కాయలు, కాల్చిన ‘షిషితో’ అనే చిన్న మిరపకాయలు తినవచ్చు, కానీ వాటితో కడుపు నిండదు.

పొగాకు పొగ పడనివారు తలుపు మీది చీటీ చూసుకోవాలి. 2020 ఏప్రిల్ నుంచి లోపల ధూమపానం నిషేధమైనా, అంతకు ముందే ఉన్న కొన్ని చిన్న దుకాణాలకు మినహాయింపు ఉంది. అలాంటి చోటికి పిల్లలను రానివ్వరు. మెనూలో పన్ను కలపని ధర, కలిపిన ధర రెండూ ఉంటే పెద్ద అంకే మీరు కట్టాల్సింది. కొన్ని చిన్నచోట్ల నగదే తీసుకుంటారు.

బస కూడా కోయెంజీ, దాని పక్క స్టేషన్ నకనో వైపే చూసుకోండి. గది ఇరుకే, పెట్టె తెరిస్తే నడవడానికి చోటుండదు. కానీ అర్ధరాత్రి దాటాక రైళ్లు ఆగిపోతాయి, బస దగ్గర్లోనే ఉంటే టాక్సీకయ్యే డబ్బు మిగులుతుంది. శని, ఆదివారాల్లో నారింజ రంగు చారల రైలు కోయెంజీలో ఆగదు, పసుపు చారలది ఎక్కాలి. జపాన్ తిండి మొహం మొత్తితే నకనోలో తోజాయ్ లైన్ మెట్రో ఎక్కి నేరుగా నిషి కసాయ్‌కి వెళ్లిపోండి. భారతీయ కుటుంబాలు ఎక్కువగా ఉండే పేట అది, దక్షిణాది భోజనం దొరుకుతుంది.