మూడో వరసలో కూర్చున్నాక తెలిసింది: మా ఏడు సీట్ల బండి, తొమ్మిదేళ్ళ వాడకం

2016 దసరాకి కొన్నాం ఈ బండి. ఏడు సీట్లు, డీజిలు, పొగ ప్రమాణాల్లో బీఎస్-4. ఇవాళ్టికి లక్షా పద్దెనిమిది వేల చిల్లర కిలోమీటర్లు తిరిగింది. కంపెనీ పేరు రాయడం లేదు. రాస్తే ఆ బండి అభిమానులు ఒకవైపు, పోటీ బండి అభిమానులు ఒకవైపు చేరి అసలు సంగతి గాలికొదిలేస్తారు. ఈ తొమ్మిదేళ్ళలో "బండి ఎలా ఉందమ్మా?" అని అడిగిన ప్రతివాళ్ళకీ బ్రహ్మాండం అనే చెప్పాను. పోయిన డిసెంబరులో అరకు వెళ్ళేటప్పుడు మొదటిసారి మూడో వరసలో కూర్చున్నాను. ఆ మాటని కొంత వెనక్కి తీసుకుంటున్నాను.

ఇంట్లో బండి నడిపేది నేనే. మా ఆయనకి డ్రైవింగు రాదు, నేర్చుకుంటానని బండి కొన్న రోజు నుంచీ అంటూనే ఉన్నారు. విజయవాడ నుంచి ఎక్కడికి బయల్దేరినా కూర్చునే తీరు ఒకటే. స్టీరింగు దగ్గర నేను, పక్కన మామయ్యగారు. రెండో వరసలో ఒక కిటికీ దగ్గర అత్తయ్య, ఇంకో కిటికీ దగ్గర మా అమ్మ, ఆ వియ్యపురాళ్ళిద్దరి మధ్యా మా ఆయన. ఆ మధ్య సీటుకి నడుముకి కట్టుకునే పట్టీయే తప్ప భుజం మీదుగా వచ్చే బెల్టు లేదు, తల ఆనించుకోవడానికి దిండు లేదు. ఒకవైపు తల్లి, ఒకవైపు అత్తగారు బత్తాయిలు ఒలిచి పెడుతుంటే ఎవరిది వద్దంటే ఎవరికి కోపమో తేల్చుకోలేక ఆయన రెండు చేతులా తింటూ కూర్చుంటారు. మూడో వరస పిల్లలది. బండి కొన్నప్పుడు పెద్దవాడికి తొమ్మిదేళ్ళు, చిన్నదానికి ఆరు.

షోరూములో టెస్ట్ డ్రైవ్ అంటే మనల్ని డ్రైవరు సీట్లోనే కూర్చోబెడతారు. నేనూ అది చూసే కొన్నాను. స్టీరింగు తేలిక, క్లచ్చి మెత్తన, ఎత్తుగా కూర్చుంటే రోడ్డంతా చేతిలో ఉన్నట్టే. మర్నాడు గుడికి తీసుకెళ్ళి పూజ చేయిద్దామని అందరినీ ఎక్కమన్నాక మొదటి లోపం బయటపడింది. నేలకీ బండి గడపకీ మధ్య ఎత్తు అత్తయ్య మోకాళ్ళకి చాలా ఎక్కువ. ఒక చేత్తో కుచ్చిళ్ళు పట్టుకుని, ఇంకో చేత్తో తలుపు పట్టుకుంటే తలుపు కాస్తా కదిలిపోతోంది. మామయ్యగారు ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్ళి వంటింట్లో ఉన్న చెక్కపీట తెచ్చి కింద పెట్టి "ఇప్పుడెక్కు" అన్నారు. ఆ పీట మళ్ళీ వంటింట్లోకి వెళ్ళలేదు. డిక్కీలో స్టెప్నీ సామాను పక్కనే దాని చోటు. జారకుండా అడుగున పాత సైకిలు ట్యూబు ముక్కలు చిన్న మేకులతో కొట్టారాయన. పైన పాదం పడే చోట చెక్క నున్నగా అరిగి, కాస్త పల్లం పడింది. మధ్యలో ఎవరో చెబితే బండికి రెండు పక్కలా మెట్లు బిగించాం. మొదటి వానకే వాటి మీద అమ్మ కాలు జారింది. అవి ఇప్పుడు అందానికి ఉన్నాయి, ఎక్కడం దిగడం పీట మీదే.

శ్రీశైలం నాలుగుసార్లు వెళ్ళాం. పులుల అడవి కాబట్టి దోర్నాల దగ్గర గేటు రాత్రి తొమ్మిదికి వేసేసి పొద్దున ఆరింటికి తీస్తారు. మేం అర్ధరాత్రి దాటాక బయల్దేరి, నరసరావుపేట, వినుకొండ దాటి, గేటు తీసే వేళకి వరసలో ఉండేవాళ్ళం. టీ తాగడం, పిల్లల్ని లేపడం, పీట దించడం, ఎక్కించడం అన్నీ అక్కడే. ఆ తర్వాత యాభై కిలోమీటర్ల దాకా అడవి, మలుపులు. నా సీట్లోంచి చూస్తే అంత చక్కని రోడ్డు ఇంకోటి లేదు. వెనక నుంచి మాత్రం మొదటి పది మలుపుల్లోపే చిన్నది "అమ్మా" అనేది. పిల్లల "అమ్మా"ల్లో ఏది ఏమిటో మనకి తెలుస్తుంది కదా, ఇది కవరు అందించమనే "అమ్మా". మొదటిసారి దాని మీదే కేకలేశాను, పొద్దున్నే పాలు తాగొద్దంటే తాగావని.

పాల తప్పు కాదు. మూడో వరస సరిగ్గా వెనక చక్రాల మీద ఉంటుంది. గతుకైనా, మలుపైనా ముందున్నవాళ్ళకి తగిలేదానికంటే అక్కడ ఊపు ఎక్కువ. పైగా ఎదురుగా సీటు వీపు తప్ప రోడ్డు కనపడదు. చెవి లోపలి భాగం మనం కదులుతున్నామంటుంది, కళ్ళు కదలడం లేదంటాయి, ఆ తగువు కడుపు మీదికి వస్తుంది. రెండోసారి నుంచి దోర్నాలలోనే సీట్లు మార్చడం మొదలుపెట్టాం. చిన్నది మధ్యలోకి, అద్దంలోంచి రోడ్డు కనపడేలా. మా ఆయన వెనక్కి. నిమ్మకాయ వాసన చూడటం, అల్లం మురబ్బా చప్పరించడం లాంటివన్నీ చేశాం కానీ పని చేసింది ఈ సీటు మార్పే. ఇంకోటి నా తప్పు. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి దిగేదాన్ని. మలుపు మలుపుకీ వెనకవాళ్ళు ముందుకి తూలేవాళ్ళు. రెండో గేరులో ఇంజనుని పట్టుకునేలా చేసి దిగితే బ్రేకులు వేడెక్కవు, బండి కుదుపు లేకుండా దిగుతుంది. మామయ్యగారు "మెల్లగా తల్లీ" అనడం మానేసింది అది నేర్చుకున్నాకే.

శ్రీశైలం దారిలో శిఖరం దగ్గర ఒక మాట. కిటికీ అద్దం నాలుగు వేళ్ళ సందు దించి వెళ్ళినా కోతి చెయ్యి దూరుతుంది. మా పులిహోర డబ్బా పోయింది, మూత మిగిలింది.

తిండి ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఈ బండిలో కప్పులు పెట్టుకునే గుంటలు లెక్కకి ఎనిమిది ఉన్నాయి. నాలుగు గిన్నెల స్టీలు క్యారియరు నిటారుగా పెట్టుకునే చోటు ఒక్కటీ లేదు. చేసినవాళ్ళు జనం దారి పొడుగునా కాఫీ కప్పులతో బతుకుతారనుకున్నట్టున్నారు. మా క్యారియరు తొమ్మిదేళ్ళుగా మా ఆయన రెండు పాదాల మధ్యే ప్రయాణం చేస్తోంది. ఎత్తిపోతల దగ్గర చెట్టు కింద దుప్పటి పరిచి ఆ క్యారియరు విప్పి, దద్దోజనంలో మాగాయ ముక్క నంజుకుంటూ తింటుంటే వీటిలో ఏదీ గుర్తుండదనుకోండి. సాగర్ డ్యాం నుంచి పదకొండు కిలోమీటర్లే ఎత్తిపోతల. చంద్రవంక వాగు డెబ్భై అడుగుల ఎత్తు నుంచి దూకే చోటు. వానలు పడ్డాక వెళ్ళాలి, ఎండాకాలంలో వెళ్ళి నీళ్ళు లేవని తిట్టుకోవద్దు.

ఒక్కరోజులో వెళ్ళొచ్చే చోట్లలో మావాళ్ళందరికీ ఇష్టమైనది బాపట్ల దగ్గరి సూర్యలంక. పొద్దున ఆరింటికి బయల్దేరితే ఎండ ఎక్కేలోపు నీళ్ళలో ఉండొచ్చు, చీకటి పడేలోపు ఇంట్లో ఉండొచ్చు. బండికి మాత్రం అదే పెద్ద శత్రువు. మొదటిసారి తడి ఇసుక కాళ్ళతో అందరూ ఎక్కేశారు. మూడో వరసలోకి వెళ్ళాలంటే రెండో వరస సీటు మడిచి ముందుకి జరపాలి, అది జరిగే పట్టాల్లోకి ఇసుక దూరింది. నెల తిరక్కుండా సీటు సగంలో బిగుసుకుపోయింది. పిల్లలు డిక్కీ తలుపులోంచి దూకి ఎక్కడం దిగడం మొదలుపెట్టారు. వాళ్ళకది ఆటే. ఒక సర్వీసు సెంటరులో సీటు అడుగు భాగం మొత్తం మార్చాలని పధ్నాలుగు వేలు చెప్పారు. మా వీధి చివర మెకానిక్కు పాత టూత్‌బ్రష్షు, గాలి పైపు, కాస్త గ్రీజుతో గంటలో బాగుచేసి మూడొందలు తీసుకున్నాడు. అప్పటి నుంచి సూర్యలంకకి బయల్దేరేటప్పుడు డిక్కీలో ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను, చెంబు, రెండు పాత దుప్పట్లు ఉంటాయి. కాళ్ళు కడుక్కోనివాళ్ళకి బండిలో చోటు లేదు, మామయ్యగారికైనా సరే. ఇంటికొచ్చిన మర్నాడు బండి అడుగంతా మంచినీళ్ళతో కొట్టించాలి, లేకపోతే ఉప్పు తినేస్తుంది.

ఇక రాత్రి బస ఉన్న ప్రయాణాలు. ఏడు సీట్ల బండి అని ప్రకటనల్లో చూపిస్తారే, ఏడుగురూ నవ్వుతూ కొండల్లోకి వెళ్తున్నట్టు, వాళ్ళ సామానెక్కడుందో ఎవరూ చూపించరు. మూడో వరస తెరిచి ఉంటే డిక్కీలో పట్టేది రెండు సంచులు, పీట, నీళ్ళ క్యాను. అంతే. అందుకే పైన క్యారియరు బిగించాల్సి వచ్చింది. టార్పాలిను కప్పి తాడుతో బిగిస్తే ఎనభై దాటగానే ఒకటే ఈల. మైలేజీ కూడా లీటరుకి కిలోమీటరు పైనే తగ్గింది. నా లెక్కలో అయిదుగురికి రెండు రోజుల బండి, ఏడుగురికి ఒక్కపూట బండి. దీన్ని కొనేవాళ్ళు ఈ ముక్క ముందే తెలుసుకుంటే మంచిది.

ఇప్పుడు అరకు సంగతి. మా ఆయనకి బ్యాంకులో సెలవు దొరకలేదు. బెంగళూరు నుంచి మా తమ్ముడొచ్చి, "అక్కా, ఈసారి నేను నడుపుతాను, నువ్వు హాయిగా కూర్చో" అన్నాడు. మా పెద్దవాడికిప్పుడు పద్దెనిమిది, అయిదడుగుల పదకొండంగుళాలు. వాడు వెనక పట్టడు కాబట్టి మధ్యలోకి వచ్చాడు. హాయిగా కూర్చోమన్న నేను చిన్నదానితో కలిసి మూడో వరసలోకి పాక్కుంటూ వెళ్ళాను.

ఏలూరు దాటేలోపే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయనిపించింది. అక్కడ సీటు బండి నేలకి మరీ దగ్గర. తొడల కింద ఆసరా ఉండదు, బరువంతా నడుము మీదే. కిటికీ ఉంది కానీ తెరుచుకోదు. ఏసీ గాలి రెండో వరస పైకప్పు నుంచి రావాలి. దాని మీట అత్తయ్య చేతికందే దూరంలో ఉంది. ఆవిడకి చలి. కొంగు తలమీద కప్పుకుని, ప్రతి పావుగంటకీ మీట తగ్గించేస్తారు. తొమ్మిదేళ్ళుగా పిల్లలు "ఉక్క, ఉక్క" అంటుంటే "ముందు చల్లగానే ఉందిగా" అన్నదాన్ని నేను.

అన్నిటికంటే నన్ను కదిపింది చప్పుడు. వెనక చక్రాల రొద చెవి పక్కనే. ముందు తమ్ముడూ మామయ్యగారూ ఏదో అనుకుని నవ్వుతున్నారు, మధ్య వరస కూడా నవ్వుతోంది, నాకు ఒక్క ముక్క వినపడలేదు. "ఏంటీ? ఏంటీ?" అని అరిచాను. తమ్ముడు అద్దంలోంచి చూసి, "ఎందుకక్కా అలా అరుస్తావు?" అన్నాడు. అచ్చం నా మాటే. చిన్నది నా వైపు చూసి ఏమీ అనలేదు, ఇయర్‌ఫోన్లలో ఒకటి తీసి నాకిచ్చింది. అన్నవరంలో ప్రసాదం కొన్నాం. ఆ ఆకు పొట్లం ముందు నుంచి చేతులు మారుతూ నా దాకా వచ్చేసరికి ఆకుకి అంటుకున్న నెయ్యీ, నాలుగు నూక పలుకులూ మిగిలాయి. "ఎప్పుడూ ఇంతే మమ్మీ" అంది చిన్నది.

అనంతగిరి ఘాటులో నాకు తిప్పింది. కవరు ఎక్కడుందో చిన్నదానికి తెలుసు.

తిరిగొచ్చేటప్పుడు కొన్ని మార్పులు చేశాం. ఏసీ మీట మూడులో ఉండాలి, అత్తయ్యకి శాలువా. ప్రసాదమైనా పకోడీ అయినా పొట్లం వెనక నుంచి ముందుకి నడవాలి. రెండు గంటలకోసారి ఆగినప్పుడు మూడో వరసవాళ్ళు ముందు దిగాలి. వెనక ఛార్జింగు పెట్టుకునే చోటు లేదు కాబట్టి ముందు నుంచి పొడుగు వైరు లాగి, చిన్న ఫ్యాను ఒకటి క్లిప్పుతో బిగించాడు మావాడు. ఖర్చు ఏడొందలు. ఈ పని తొమ్మిదేళ్ళ కిందటే చెయ్యాల్సింది.

ఖర్చుల లెక్క త్వరగా చెప్పేస్తాను. ఇద్దరు ముగ్గురితో హైవే మీద లీటరుకి పంతొమ్మిది, ఏడుగురితో పదహారు, ఘాటులో పన్నెండు పదమూడు. రెండుసార్లు టైర్లు మార్చాం, ఒకసారి క్లచ్చి ప్లేట్లు, ఒకసారి బ్యాటరీ. నిండుగా ఎక్కినప్పుడు గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు పక్క స్టిక్కరు మీద రాసి ఉంటుంది, మామూలు రోజుల కంటే వెనక చక్రాలకి ఎక్కువ. పెట్రోలు బంకులో కుర్రాడు "అన్నిటికీ ముప్ఫై కొట్టనా మేడం" అంటే తల ఊపకండి. 2025 ఆగస్టు 15న ఫాస్టాగ్ ఏడాది పాసు వచ్చాక మా హైదరాబాదు ప్రయాణాలు చవకయ్యాయి. వచ్చినప్పుడు ధర మూడు వేలు; ఏడాది, లేదా రెండొందల సార్లు, ఏది ముందైతే అది. వెళ్ళేటప్పుడు చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు, వచ్చేటప్పుడు మళ్ళీ అవే, ఒక రానుపోనుకి ఆరు. జాతీయ రహదారులకే అది, రాష్ట్రం రోడ్ల మీది టోళ్ళకి పనికిరాదు.

ఇంజను విషయంలో నాకు ఒక్క ఫిర్యాదు లేదు. నడి రోడ్డు మీద ఒక్కసారీ ఆగలేదు. మొన్న ఎక్స్‌ఛేంజీకి చూపిస్తే మూడు లక్షల అరవై వేలు అన్నారు, పైన క్యారియరు పెట్టిన గీతలకి పదివేలు తగ్గించి. మావాడికి లెర్నరు లైసెన్సు వచ్చింది, వాడు కొత్త మోడలు చూద్దామంటాడు. పోయిన ఆదివారం అందరం కలిసి ఒక షోరూముకి వెళ్ళాం. సేల్స్ కుర్రాడు డ్రైవరు తలుపు తీసి పట్టుకుని, "రండి మేడం, కూర్చుని చూడండి" అన్నాడు. నేను వెనక తలుపు తియ్యమన్నాను. బయట మామయ్యగారు మా బండి డిక్కీ తెరిచి పీట తీస్తున్నారు.