ఇంటిల్లిపాదికీ ఒకే మల్టీవిటమినా, ఎవరి మాత్ర వారికా: ఏది మేలు?

స్టాఫ్‌రూమ్‌లో అడుగుతున్నారు, పెళ్లిళ్లలో అడుగుతున్నారు, మొన్న శ్రీకాకుళం బస్సులో పక్క సీటావిడ కూడా అడిగారు: "అందరికీ కలిపి ఒక మల్టీవిటమిన్ డబ్బా కొంటే సరిపోదా?" పోయిన ఏడాది దాకా మా ఇంట్లోనూ ఒకటే డబ్బా. డెబ్బై దాటిన మా అత్తయ్య, నలభై నాలుగేళ్ల నేను, పదో తరగతి చదివే మా అమ్మాయి, ముగ్గురం అందులోంచే వేసుకునేవాళ్లం. ఇప్పుడు ఎవరిది వాళ్లకే.

ఒకే డబ్బాలో మంచి లేదనను. ఖర్చు తక్కువ, మరిచిపోవడం తక్కువ. జ్వరం నుంచి లేచినవాళ్లు, నాలుగు ముద్దలు కూడా తినలేనివాళ్లు కొన్నాళ్లు వాడుకోవచ్చు. అందులో అన్నీ కొంచెం కొంచెమే ఉంటాయి. తక్కువ పడినవాళ్లకు ఆ కొంచెం ఏ మూలకూ చాలదు. కాల్షియమే చూడండి, పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలి. అంత కాల్షియం పట్టే మాత్రను మింగడమే కష్టం, ఇక మిగతా విటమిన్లకు అందులో చోటెక్కడ?

నా మనసు మార్చింది మాత్రం నరాలకు కావలసిన విటమిన్ బి12. అత్తయ్యకు అరికాళ్లు మంటలు, తిమ్మిర్లు. పదేళ్లుగా షుగర్ ఉంది కదా, దానివల్లే అనుకున్నాం. రెండు డబ్బాల మల్టీవిటమిన్ అయిపోయినా మార్పు లేదు. డాక్టరు గారు బి12 పరీక్ష రాస్తే అత్తయ్య ఒప్పుకోలేదు. "రోజూ చేప తింటన్నాను కదమ్మా, నాకు తక్కువేటి?" అన్నారు. రిపోర్టులో 200 దాటాల్సింది 140 ఉంది.

తిన్నంత మాత్రాన ఒంటికి పట్టదని అప్పుడే అర్థమైంది. చేపలో, గుడ్డులో ఉన్న బి12 మాంసకృత్తులకు అంటుకుని ఉంటుంది. దాన్ని విడదీయాలంటే కడుపులో ఆమ్లం కావాలి. వయసు పెరిగే కొద్దీ చాలామందిలో ఆ ఆమ్లం తగ్గుతుంది. పైగా అత్తయ్య ఏళ్ల తరబడి పరగడుపునే గ్యాస్ మాత్ర వేసుకుంటున్నారు, అది ఉన్న ఆమ్లాన్నీ తగ్గిస్తుంది. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ కూడా బి12ను సరిగా పట్టనివ్వదు. ఇన్ని కలిశాక రోజూ చేప తిన్నా ఏం లాభం? మాత్రలోని బి12 దేనికీ అంటుకుని ఉండదు కాబట్టి దానికి ఆమ్లంతో పని లేదు. మేం వాడిన డబ్బాలో ఒక్కో మాత్రకు 1 మైక్రోగ్రాము ఉంది. డాక్టరు గారు ముందు ఇంజెక్షన్లు, తర్వాత 1500 మైక్రోగ్రాముల మాత్ర రాశారు. అంత పెద్ద మోతాదులో నూటికి ఒక వంతు పట్టినా 15 మైక్రోగ్రాములు. ఆ ఒకటికీ ఈ పదిహేనుకూ ఎంత తేడా!

అందుకే ఎవరైనా అడిగితే వాళ్ల వయసు కంటే ముందు, ఇప్పటికే ఏయే బిళ్లలు మింగుతున్నారని అడుగుతున్నాను.

మా అమ్మాయికీ నాకూ కావలసింది ఐరన్. నెలసరి వచ్చే మహిళలకు రోజుకు 29 మిల్లీగ్రాములు, మగవాళ్లకు 19 అని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క. అమ్మాయికి వారానికోసారి స్కూల్లో ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, ఫోలిక్ యాసిడ్ ఉంటాయి, అది మానకుండా చూస్తున్నాను. నాకు రక్తం తక్కువుందని పరీక్షలో తేలాక విడిగా ఐరన్ రాశారు. దాన్ని టీతో గానీ, కాల్షియం మాత్రతో గానీ కలిపి వేసుకోకూడదు, రెండు గంటలైనా ఎడం ఉండాలి. అన్నీ ఒకే మాత్రలో కుక్కితే ఈ ఎడం ఎలా కుదురుతుంది? నెలసరి ఆగాక ఐరన్ అవసరం బాగా తగ్గుతుంది. ఆ వయసులో రక్తం తగ్గిందంటే బలం బిళ్లలతో సరిపెట్టుకోకుండా, లోపల ఎక్కడైనా రక్తం పోతోందేమో చూపించుకోవాలి.

కాల్షియానికి మాత్రం నేను ముందు వంటింటి వైపే చూస్తాను. వంద గ్రాముల చోళ్లలో (రాగుల్లో) 360 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పొద్దున్నే చోడి అంబలి, గ్లాసుడు పాలు, ముల్లుతో సహా నమిలే నెత్తళ్లు, మునగాకు, నువ్వులుండ. నమిలే పళ్లున్నవాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? చాలనప్పుడే మాత్ర. గ్యాస్ మాత్ర వాడేవాళ్లకు కాల్షియం కార్బొనేట్ కంటే సిట్రేట్ నయం, దానికి ఆమ్లం అక్కర్లేదు.

విటమిన్ డి దగ్గర కొంచెం ఆగాలి. వయసు మీరితే ఎండలో కూర్చున్నా చర్మం మునుపటంత తయారు చేయలేదు, కాబట్టి పెద్దలకు అవసరం నిజమే. కానీ 60,000 యూనిట్ల మోతాదును ఎవరో చెప్పారని కొనుక్కోకండి. అది సాధారణంగా వారానికొకటి, అదీ కొన్ని వారాలే. మాది కవిటి వైపు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి మా చుట్టాల్లో ఎవరికీ తెలియదు. విటమిన్ డిని ఒంటికి పనికొచ్చేలా మార్చేది కిడ్నీలే. అవి దెబ్బతింటే కాల్షియం, డి లెక్కలన్నీ మారిపోతాయి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, ఎక్కడివాళ్లయినా సరే, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని డాక్టరు చెప్పాకే ఈ రెండూ మొదలుపెట్టండి. దయచేసి ఈ ఒక్క మాట వినండి.

'50 ప్లస్' డబ్బాల్లో సాధారణంగా ఐరన్ తగ్గించి, డి, బి12 కాస్త పెంచుతారు. మామూలు డబ్బా కంటే పెద్దవాళ్లకు నయమే, అత్తయ్యలాంటి వాళ్లకు అదీ చాలదు. పిల్లల గమ్మీల్లో చక్కెర ఎక్కువ, చాలావాటిలో ఐరనే ఉండదు. కొనలేదు.

అత్తయ్య ఇప్పుడు రాత్రిళ్లు నిద్రపోతున్నారు. మంటలు తగ్గడానికి నాలుగు నెలలు పట్టింది. ఎడమ పాదం వేళ్లలో తిమ్మిరి ఇంకా పోలేదు. నరాలు ఎక్కువ కాలం ఇబ్బంది పడితే పూర్తిగా కోలుకోకపోవచ్చని డాక్టరు గారు చెప్పారు. ఆ రెండు డబ్బాలూ అయిపోయేదాకా ఆగకుండా పరీక్ష ముందే చేయించాల్సింది.