ఐఫోన్ 17 ప్రో మ్యాక్సా, గెలాక్సీ ఎస్25 అల్ట్రానా: ఏది మేలు?

లక్ష దాటిన ఫోన్ల దగ్గర ‘ఏది ఫాస్ట్?’ అని అడగడం దండగ. ఐఫోన్ 17 ప్రో మ్యాక్స్‌లో ఏ19 ప్రో చిప్, శాంసంగ్ గెలాక్సీ ఎస్25 అల్ట్రాలో స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్. రెండింట్లోనూ 12 జీబీ ర్యామ్, రెండింటికీ 6.9 అంగుళాల తెర. వాట్సాప్, యూట్యూబ్, ఫోన్‌పే, రీల్స్, మహా అయితే ఓ గేమ్. మన వాడకానికి ఏ ఫోనూ తడబడదు. స్పెసిఫికేషన్ల పట్టిక ముందేసుకుని కూర్చుంటే రాత్రి గడుస్తుంది గానీ నిర్ణయం తేలదు. కొన్నాక రోజూ ఎదురయ్యే తేడాలు వేరే ఉన్నాయి.

ముందు డబ్బు సంగతి. 256 జీబీ ఐఫోన్ 2025 సెప్టెంబరులో రూ.1,49,900తో వచ్చింది. అదే ఏడాది జనవరిలో వచ్చిన ఎస్25 అల్ట్రా 256 జీబీ ధర అప్పుడు రూ.1,29,999. కాగితం మీద తేడా ఇరవై వేలే. కానీ శాంసంగ్ రేటు పెట్టిన చోట ఉండదు. పండగ సేల్ రాగానే కార్డు ఆఫరు, ఎక్స్ఛేంజ్ బోనస్ అంటూ బాగానే దిగుతుంది. ఐఫోన్ కొత్త మోడల్ వచ్చేదాకా బెట్టు చేస్తుంది. అయితే ఆ బెట్టే అమ్మేటప్పుడు మనకు పనికొస్తుంది. రెండేళ్లు వాడి అమ్మితే ఐఫోన్‌కు వచ్చే రేటు శాంసంగ్‌కు రాదు. కాబట్టి రెండేళ్లకోసారి ఫోన్ మార్చే అలవాటున్నవాళ్లకు ఐఫోన్ కనిపించినంత ఖరీదేమీ కాదు. పగిలి పనికిరాకుండా పోయేదాకా వాడేవాళ్లకు మాత్రం ఈ రీసేల్ లెక్కతో పనే లేదు. వాళ్లకు శాంసంగే చవక.

ఆ ధరలకే వాయిదాల్లో తీసుకుంటే 24 నెలలకు ఐఫోన్ నెలకు దాదాపు 6,250, శాంసంగ్ 5,400 పడుతుంది. ‘నో కాస్ట్’ అని రాసినా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ కార్డు బిల్లులో కనిపిస్తాయి. అవి కూడా కలుపుకుని చూసుకోండి.

సిమ్‌ల విషయం ఎవరూ చెప్పరు గానీ మన దగ్గర ఇది పెద్ద విషయమే. ఇక్కడ అమ్మే ఎస్25 అల్ట్రాలో రెండు మామూలు సిమ్‌లు పడతాయి, ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్) కూడా వాడుకోవచ్చు. ఐఫోన్‌లో ఒక సిమ్ ట్రేలో, రెండోది ఈ-సిమ్‌గానే పెట్టుకోవాలి. ఆఫీసు నంబరొకటి, బ్యాంకు ఓటీపీలు వచ్చే పాత నంబరొకటి ఉన్నవాళ్లు రెండో సిమ్‌ను ఈ-సిమ్‌గా మార్చుకోక తప్పదు. మార్చుకోవడం కష్టం కాదు. కానీ ఫోన్ కింద పడి తెర పోయిన రోజున సిమ్ తీసి ఇంట్లో ఉన్న పాత ఫోన్‌లో వేసుకునే వెసులుబాటు ఆ నంబరుకు ఉండదు.

కాల్ రికార్డింగ్ ఇంకోటి. ప్లాట్లు, కాంట్రాక్టులు, ఫైనాన్స్ పనుల్లో ఉన్నవాళ్లలో చాలామంది ఐఫోన్ వైపు చూడకపోవడానికి కారణం ఇదే. శాంసంగ్‌లో సెట్టింగ్ ఒక్కసారి ఆన్ చేస్తే ప్రతి కాలూ దానంతటదే రికార్డవుతుంది. ఐఫోన్‌లోనూ దాని సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18.1 నుంచి రికార్డింగ్ ఉంది. కాకపోతే బటన్ నొక్కగానే కాల్ రికార్డవుతోందని అవతలివాళ్లకు కూడా వినబడేలా ప్రకటన వస్తుంది. మర్యాద ప్రకారం యాపిల్ పద్ధతే సరైనది. వ్యాపారంలో ఉన్న మా బావకు ఈ మాట చెబితే, ‘ఆ ప్రకటన విన్నాక ఎవడు నిజం మాట్లాడతాడు?’ అన్నాడు.

ఇక కెమెరా. శాంసంగ్‌లో నాలుగు: 200 మెగాపిక్సెల్ మెయిన్, 50 అల్ట్రావైడ్, 3ఎక్స్ జూమ్‌కు 10, 5ఎక్స్‌కు 50. ఐఫోన్‌లో మూడు, మూడూ 48 మెగాపిక్సెల్‌వే. జూమ్ 4ఎక్స్, సెన్సర్ మధ్యభాగాన్ని వాడుకుని 8ఎక్స్ దాకా మంచి క్వాలిటీ ఇస్తుంది.

స్కూల్ యానివర్సరీ డే ఊహించుకోండి. మీరు వెనక వరుసలో ప్లాస్టిక్ కుర్చీలో, పాప స్టేజీ మీద కూచిపూడి వేషంలో. పైన ఎరుపు, నీలం లైట్లు తిరుగుతుంటాయి. పాప నిలబడి నమస్కారం పెట్టిన క్షణంలో శాంసంగ్ 10ఎక్స్‌లో తీస్తే పాపిటబిళ్ల దాకా తెలుస్తుంది. అడుగు వేయడం మొదలయ్యాక వరస మారుతుంది. ఆ తక్కువ వెలుతురులో కదిలే చేతులు శాంసంగ్ ఫొటోలో అలుక్కుపోయినట్టు వస్తాయి, నాలుగు తీస్తే ఒకటి నిలుస్తుంది. ఐఫోన్ ఆ కదలికను కొంచెం బాగా పట్టుకుంటుంది. వీడియోకైతే పోటీయే లేదు. 4కేలో తీస్తూ దగ్గరికీ దూరానికీ జూమ్ చేసినా రంగు మారదు, ఒక లెన్స్ నుంచి ఇంకో లెన్స్‌కు దూకినట్టు అనిపించదు. శాంసంగ్ 8కే వీడియో తీస్తుందని గొప్పగా చెప్పుకుంటుంది గానీ, ఇంట్లో 8కే టీవీ ఎంతమందికుంది?

మొహం రంగు విషయంలోనూ నా ఓటు ఐఫోన్‌కే. శాంసంగ్ ఫొటోల్లో మొహాలు ఉన్నదానికన్నా కాస్త తేటగా, నున్నగా వస్తాయి. పెళ్లిళ్లలో చాలామందికి అదే నచ్చుతుంది, కాదనను. ఐఫోన్‌కు పాత జబ్బు ఒకటుంది. చీకట్లో దీపాలు, వీధి లైట్లు ఫ్రేములో ఉంటే ఆకాశంలో వాటి ప్రతిబింబాలు చుక్కలుగా కనిపిస్తాయి. కార్తీక పౌర్ణమి నాడు గుడి మెట్ల మీద వరసగా పెట్టిన దీపాలు తీస్తే పైన ఇంకో వరస ఆకుపచ్చ దీపాలు ఉచితం. ఎడిటింగ్‌లో తీసేయొచ్చు, అయినా ఇంత డబ్బు పెట్టాక చిరాకే.

సెల్ఫీ కెమెరాలో ఈసారి యాపిల్ మంచి పని చేసింది. 18 మెగాపిక్సెల్ సెన్సర్‌ను చదరంగా పెట్టడంతో ఫోన్ నిలువుగా పట్టుకునే అడ్డంగా గ్రూప్ ఫొటో తీయొచ్చు. పదిమంది చుట్టాలు చేరిన చోట చెయ్యి చాచి, ఫోన్ అడ్డంగా తిప్పి, బొటనవేలితో బటన్ వెతుక్కునే బాధ తప్పుతుంది.

శాంసంగ్‌కు ఉన్నదీ, ఐఫోన్‌కు లేనిదీ పెన్ను. పీడీఎఫ్ మీద సంతకం పెట్టాలన్నా, ఇంటి ప్లాన్ మీద ‘ఇక్కడ కిటికీ’ అని గీసి మేస్త్రీకి పంపాలన్నా దాని హాయే వేరు. కానీ ఎస్24 అల్ట్రా దాకా ఆ పెన్నులో బ్లూటూత్ ఉండేది. దూరం నుంచి నొక్కి ఫొటో తీసుకునేవాళ్లు. ఎస్25లో అది తీసేశారు. మొదటి వారం ఉత్సాహంగా వాడి, తర్వాత పెన్ను బయటికే తీయనివాళ్లు నాకు చాలామంది తెలుసు. మీరు ఏ రకమో మీకే తెలియాలి.

మే నెల ఎండలో మ్యాప్ చూసుకుంటూ బండి నడిపేవాళ్లకు శాంసంగ్ తెర వరం. గొరిల్లా ఆర్మర్ 2 గాజు వెలుతురును తిరగ్గొట్టకుండా ఆపుతుంది. ఐఫోన్ 17లో కూడా అలాంటి పూత వేశారు గానీ శాంసంగ్‌ది ఇంకా మెరుగు. ఒక్క జాగ్రత్త: షాపువాడు ‘సార్, గ్లాస్ వేసేస్తా’ అని మామూలు టెంపర్డ్ గ్లాస్ అంటించాడంటే ఆ లాభమంతా పోయినట్టే. వేయించుకుంటే యాంటీ రిఫ్లెక్టివ్ గార్డే వేయించుకోండి.

బ్యాటరీ రెండింటికీ రోజంతా వస్తుంది. బరువు శాంసంగ్ 218 గ్రాములు, ఇక్కడ అమ్మే ఐఫోన్ 231. పడుకుని చూసేటప్పుడు ఆ తేడా మణికట్టుకు తెలుస్తుంది. ఐఫోన్ రంగుల్లో ఈసారి నలుపు లేదు. వెండి, ముదురు నీలం, ‘కాస్మిక్ ఆరెంజ్’ అని పేరు పెట్టిన కాషాయం, అంతే. ఎలాగూ కవరు వేస్తాం కాబట్టి దాని గురించి గొడవ అనవసరం.

తెలుగు రాయడానికి ఇప్పుడు రెండూ సమానమే. ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగులోకి మారే కీబోర్డు ఐఫోన్‌లోనే వచ్చేసింది, గూగుల్ వాళ్ల జీబోర్డ్ రెండింటిలోనూ పనిచేస్తుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలేవి. ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు. అప్పట్లో సరదాకి స్నేహితులకు పంపి ఏడిపించినవాళ్లు ఉన్నారు.

సర్వీసు దగ్గర మీరుండే ఊరే తేలుస్తుంది. శాంసంగ్ సర్వీస్ సెంటర్లు జిల్లా కేంద్రాల్లోనే కాదు, చాలా పట్టణాల్లో కనిపిస్తాయి. యాపిల్ అధీకృత కేంద్రాలు పెద్ద ఊళ్లకే పరిమితం. ఎయిర్‌పాడ్స్ తయారుచేసే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ హైదరాబాద్ పక్కన కొంగరకలాన్‌లో ఉంది. అదే యాపిల్ ముంబై, ఢిల్లీ, బెంగళూరు, పుణెల్లో సొంత స్టోర్లు తెరిచింది, హైదరాబాద్‌లో తెరవలేదు. అప్‌డేట్లకు మాత్రం రెండింటినీ నమ్మొచ్చు. శాంసంగ్ ఏడేళ్లు ఇస్తామని మాటిచ్చింది. యాపిల్ అలా చెప్పదు గానీ, 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్ఎస్‌కు 2024 నాటి ఐఓఎస్ 18 దాకా ఇచ్చింది.

నన్నడిగితే, తెలుగు రాష్ట్రాల్లో ఉంటూ రెండు సిమ్‌లు వాడుతూ, ఫోన్ మీదే వ్యాపారం నడిపేవాళ్లు సేల్ దాకా ఆగి ఎస్25 అల్ట్రా తీసుకోవాలి. శాంసంగ్ ఏటా జనవరి, ఫిబ్రవరి ప్రాంతంలో కొత్త అల్ట్రా తెస్తుంది కాబట్టి పాతదానికి పూర్తి ధర పెట్టడం తెలివైన పని కాదు. పిల్లల వీడియోలు ఎక్కువ తీసేవాళ్లు, రీల్స్ చేసేవాళ్లు, ఇంట్లో ఇప్పటికే మ్యాక్‌బుక్కో యాపిల్ వాచ్చో ఉన్నవాళ్లు ఐఫోనే తీసుకోవచ్చు. స్టేటస్ కోసం ఐఫోన్ కొనేవాళ్లకు ఈ పోలికతో పనిలేదు, వాళ్లు ఎప్పుడో నిర్ణయించేసుకున్నారు.

అమెరికాలో మనవాళ్లుంటే లెక్క కొంత మారుతుంది. అక్కడ ఐఫోన్ 17 ప్రో మ్యాక్స్ 1,199 డాలర్లు, ఎస్25 అల్ట్రా 1,299తో వచ్చింది. అంటే అక్కడ శాంసంగే ఎక్కువ ధర. రాష్ట్రాన్ని బట్టి సేల్స్ టాక్స్ కలిపినా ఐఫోన్ ఇక్కడికన్నా తక్కువకే పడుతుంది. కాకపోతే ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లలో సిమ్ ట్రే లేదు, రెండు నంబర్లూ ఈ-సిమ్‌లే కావాలి. జియో, ఎయిర్‌టెల్, వీఐ ఇస్తున్నాయి. అక్కడి నెట్‌వర్క్ కంపెనీ దగ్గర వాయిదాల్లో తీసుకున్న ఫోన్ లాక్ అయి ఉంటుంది, ఇక్కడి సిమ్ పనిచేయదు. అందుకే తెచ్చేవాళ్లకు ‘అన్‌లాక్డ్’ అని ఒకటికి రెండుసార్లు చెప్పండి. వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కొనకముందే యాపిల్‌ను అడగమనండి, బిల్లు కూడా వెంట తెమ్మనండి.