ల్యాప్‌టాప్ ర్యామ్: సోల్డర్ చేసిందా, స్లాట్‌లో పెట్టేదా?

ల్యాప్‌టాప్ కొనేటప్పుడు ర్యామ్ ఎన్ని జీబీ అని అందరం చూస్తాం. ఏ రకమో చూసేవాళ్లు తక్కువ. బ్యాటరీ మీద నడిపేవాళ్లకు మాత్రం అదీ ముఖ్యమే.

స్లాట్‌లో పెట్టే డీడీఆర్5 రకం ర్యామ్ 1.1 వోల్టులతో నడుస్తుంది. బోర్డుకే సోల్డర్ చేసే, అంటే విప్పడానికి లేకుండా అతికించేసే ఎల్‌పీడీడీఆర్5 (తక్కువ కరెంటు తినే రకం) డేటా తీగల మీద 0.5 వోల్టులే వాడుతుంది. తీగను ఛార్జ్ చేసే ఖర్చు వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి ఉంటుంది కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. పైగా ఆ చిప్‌లు ప్రాసెసర్‌కు దగ్గరగా ఉంటాయి, తీగలు పొట్టివి.

డేటాను మోయడం ఎంత ఖరీదో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హోరోవిట్జ్ 2014లో లెక్క చూపించారు. 45 నానోమీటర్ల చిప్‌లో 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ సంఖ్యల) కూడికకు 0.9 పికోజౌళ్ల శక్తి చాలు. 64 బిట్లను 8 కేబీ క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న మెమరీ) నుంచి తేవడానికి 10, బయటి డీర్యామ్ (ర్యామ్‌లో ఉండే మెమరీ చిప్‌లు) నుంచి తేవాలంటే 1300 నుంచి 2600. చారాణా కోడికి బారాణా మసాలా అంటే ఇదే! అందుకే నన్నడిగితే ర్యామ్ రకంతో పాటు ప్రాసెసర్‌లో క్యాష్ ఎంతుందో కూడా చూడమంటాను. వాడిన డేటానే మళ్లీ మళ్లీ వాడే పనుల్లో పెద్ద క్యాష్ ర్యామ్ దాకా వెళ్లే అవసరాన్నే తగ్గిస్తుంది. అయితే క్యాష్‌లో ఒక్కో బిట్‌కు మామూలుగా ఆరు ట్రాన్సిస్టర్లు కావాలి, అవి ఖాళీగా ఉన్నా కరెంటు లీకవుతుంది. ఎంతైనా పెంచుకుంటూ పోలేరు.

మూత వేసి పక్కన పెట్టినప్పుడూ సోల్డర్ రకమే నయం. డీర్యామ్‌లో ఛార్జ్ కారిపోతూనే ఉంటుంది. డీడీఆర్5లో మామూలు వేడి దగ్గర ప్రతి 32 మిల్లీసెకన్లకు మొత్తం రిఫ్రెష్ చేయాలి, అంటే ఛార్జ్ మళ్లీ నింపాలి. ఎల్‌పీడీడీఆర్‌ను మొదటి నుంచీ ఫోన్ల కోసమే తయారుచేశారు కాబట్టి నిద్రలో తక్కువ తింటుంది.

మరి నష్టం? తర్వాత పెంచుకోలేం. చిప్ పోతే బోర్డు మీద చెయ్యి పడాల్సిందే. కాబట్టి సోల్డర్ చేసిన 8 జీబీ మాత్రం వద్దు. ర్యామ్ నిండిపోగానే భారం ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ మీద పడుతుంది, వేగమూ పోతుంది, పొదుపూ పోతుంది. రోజంతా ఛార్జర్ పెట్టే వాడేవాళ్లు నిశ్చింతగా స్లాట్‌లున్నదే తీసుకోవచ్చు. బయట తిరిగేవాళ్లు సోల్డర్‌దే తీసుకుని, 16 జీబీకి తగ్గకుండా చూసుకోవాలి.

రెండూ కావాలంటే ఎల్‌పీక్యామ్2 అనే మాడ్యూల్ ఉంది. ఎల్‌పీడీడీఆర్ చిప్‌లనే స్క్రూలతో బిగిస్తారు, విప్పి మార్చుకోవచ్చు. 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1లో వచ్చింది.