అయిదేళ్ళుగా పెరటి కోళ్ళు: నాటు పెట్ట, వనరాజ, గ్రామప్రియల గుడ్ల సంగతి

పాకాల దగ్గర మా పల్లెలో, ఇంటి వెనక మామిడిచెట్ల కింద అయిదేళ్ళుగా కోళ్ళు మేపుతున్నాను. నాటు పెట్టలు మా అవ్వ కాలం నుంచీ ఉన్నవే. తర్వాత వనరాజ తెచ్చాను, ఆ పైన గ్రామప్రియ. ఈ రెండూ హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తీసిన రకాలు.

గుడ్లే కావాలనుకుంటే గ్రామప్రియ తెచ్చుకోండి. పెట్టే రోజుల్లో మా ఇంట్లో ఒక్కో పెట్ట వారానికి నాలుగయిదు ఇస్తుంది. వనరాజ ఒళ్ళు చేసే కోడి. సంగటిలోకి పులుసు పెడితే బాగుంటుంది గానీ, కొవ్వెక్కిందంటే గుడ్లు తగ్గిపోతాయి. గింజలు కొలిచి వేయాలి. నాటు పెట్ట పన్నెండో పదిహేనో పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. 21 రోజులు పొదిగి, పిల్లల్ని వెంటేసుకుని తిరిగి, మళ్ళీ గుడ్డు పెట్టేసరికి మూడు నెలలవుతుంది.

"నిన్న పెట్టింది, ఈరోజు పెట్టలేదేం?" అని ఇరుగుపొరుగు అడుగుతుంటారు. గుడ్డు లోపల తయారవడానికి దాదాపు 25 గంటలు పడుతుంది. అందులో ఇరవై గంటలు పెంకుకే. ఈరోజు ఏడింటికి పెడితే రేపు ఎనిమిది దాటుతుంది, అట్లా జరిగి జరిగి మధ్యాహ్నానికి వచ్చాక ఒకరోజు నాగా పెడుతుంది. అది జబ్బు కాదు.

మొదటి ఏడాది కార్తీకంలో గుడ్లు ఆగిపోయి, పెరడంతా ఈకలు రాలితే నేను చాలా భయపడ్డాను. పొద్దు తగ్గేకొద్దీ కోడి పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటుంది, తిన్నదంతా వాటికే పోతుంది. పైగా బాగా పెట్టాలంటే 14 గంటలకు తక్కువ కాకుండా వెలుతురు ఉండాలి. మన వైపు నడి ఎండాకాలంలోనే పగలు 13 గంటలు నిండదు, డిసెంబరులో పదకొండున్నర కూడా లేదు. ఇప్పుడు ఈకలు వచ్చేదాకా వాటిని కదిలించను. ఆ తర్వాత తెల్లవారుజామున మూడింటికే గూట్లో చిన్న బల్బు వేస్తున్నాను. గ్రామప్రియకు తేడా బాగా తెలిసింది, నాటు పెట్టలు పెద్దగా పట్టించుకోలేదు.

ఎండాకాలం ఇంకో తంటా. కోడి నోరు తెరిచి వగర్చేకొద్దీ పెంకు పలచబడుతుంది, పట్టుకుంటేనే చిట్లుతుంది. ఇంట్లో వాడిన గుడ్ల పెంకులు ఎండబెట్టి, దంచి, సాయంత్రం విడిగా పెడుతున్నాను. పెంకు గట్టిపడేది రాత్రి కదా, పొద్దున కంటే అప్పుడే ఉపయోగం. నీళ్ళకుండ మాత్రం చెట్టు నీడలోనే ఉండాలి.

గంపలో గడ్డి వేసి చీకటి మూల పెట్టండి, ఒక గుడ్డు అందులోనే వదలండి. అన్నీ తీసేస్తే నాటు పెట్ట గడ్డివామిలో దాచుకుంటుంది. ఒకసారి వామి దించుతుంటే పదకొండు దొరికాయి, అన్నీ మురిగినవే.

ఇంత చెప్పాక కూడా నాటు పెట్టను నేను వదులుకోను. ఇన్నేళ్ళలో ఒక్క గ్రామప్రియా పొదుగుకు కూర్చోలేదు. దాని గుడ్లు, వారం దాటనివి, పది నాటు పెట్ట కింద పెడతాను. ఏడో రాత్రి ఫోను లైటు మీద గుడ్డు పెట్టి చూస్తే ఎర్రటి నరాలు కనబడాలి, లేనివి తీసేస్తాను. పిల్లలు తిరగడం మొదలయ్యాక గద్ద నీడ పడితే చాలు, ఆ తల్లి అరిచే అరుపుకు అన్నీ రెక్కల కిందికి దూరుతాయి. ఒక్క మాట, మన నాటు పుంజుతో కలిసి పుట్టిన ఆ పిల్లలు పెద్దయ్యాక గ్రామప్రియ అంత పెట్టవు. అందుకే రెండేళ్ళకోసారి గ్రామప్రియ పిల్లల్ని కొత్తగా కొంటాను. వనరాజ ఇక కొనను.

కొనేటప్పుడు టీకా సంగతి అడగండి. బండి మీద అమ్మకానికి వచ్చిన పిల్లల్ని చవకని ఇరవై తీసుకుంటే, కొక్కెర తెగులుకు పదహారు పోయాయి. ఇప్పుడు ఏడో రోజున ఆ తెగులుకు వేసే లసోటా టీకా చుక్క కంట్లో వేయించకుండా ఏ పిల్లనూ పెరట్లోకి వదలను.