లో ఫ్యాట్ చీజ్: చల్లగా తింటే సరే, పొయ్యెక్కిస్తేనే పేచీ

కొవ్వు తగ్గించిన చీజ్ మీద నాకున్న కోపం ఒక్కటే, అది కరగదు. రుచి అంటారా, అలవాటు పడిపోవచ్చు. ధర ఎక్కువే అయినా కొంటున్నది కొంచెమే కదా అని సర్దుకోవచ్చు. వేడి తగిలినా కరగని చీజ్‌ని మాత్రం రెండేళ్లు దాటినా క్షమించలేకపోతున్నాను.

రక్తంలో ట్రైగ్లిజరైడ్స్ అనే కొవ్వు ఎక్కువగా ఉందని రిపోర్టు వచ్చినప్పుడు డైటీషియన్ గారు చీజ్ పూర్తిగా మానక్కర్లేదు, లో ఫ్యాట్‌ది తీసుకోండి అన్నారు. అప్పటి నుంచి స్లైసులు, తురుము, ఇంట్లో చేసే పనీర్, అన్నీ మా ఫ్రిజ్‌లోకి వచ్చి వెళ్లినవే.

అసలు గొడవ తురుముతో వచ్చింది. శ్రీకాకుళం నుంచి మా ఆడపడుచు వాళ్లు వచ్చారు. పిల్లలు ఆర్కే బీచ్‌లో ఆడి, ఇసుక కాళ్లతోనే ఇంట్లోకొచ్చి పిజ్జా కావాలన్నారు. బయట నుంచి తెప్పిస్తే నేను ముట్టుకోలేను కాబట్టి ఇంట్లోనే చేస్తానన్నాను. సిరిపురంలో ఫారిన్ సరుకులు అమ్మే షాపులో కొన్న ఫ్యాట్ ఫ్రీ చీజ్ తురుము ప్యాకెట్ ఉంది. అప్పటిదాకా దాన్ని సలాడ్ మీద చల్లుకుని తినేదాన్ని, బాగానే ఉండేది. సాస్ రాసి, ఉల్లిపాయ, క్యాప్సికం పరిచి, ప్యాకెట్ మొత్తం కుమ్మరించి ఓవెన్లో పెట్టాను.

పది నిమిషాలైనా పోగు పోగుగా అలాగే ఉంది. ఇంకాసేపు ఉంచాను. పోగుల కొసలు ఎర్రబడ్డాయి, కింద రొట్టె అంచులు మాడాయి, క్యాప్సికం ముడుచుకుపోయింది, చీజ్ మాత్రం కరగలేదు. బయటికి తీసి చాకుతో కోస్తుంటే పై పొర మొత్తం ఒక అట్టలా లేచి పక్కకి వచ్చేసింది. మా మేనల్లుడు, "అత్తా, దీని మీద కొబ్బరికోరు వేశావేంటి?" అన్నాడు. ఆడపడుచు వాడి తొడ మీద ఒకటి వేసి, "బాగానే ఉంది వదినా" అంది. అత్తగారు ఏమీ అనలేదు. రెండు ముక్కలు నమిలాక, "కాస్త అల్లప్పచ్చడి ఉంటే ఇలా వెయ్యమ్మా" అన్నారు. అంతకంటే అనడానికి ఏముంది!

ఇందులో షాపువాడి మోసమేమీ లేదు. చీజ్ అంటే కేసిన్ అనే ప్రోటీన్ అల్లిక, దాని సందుల్లో ఇరుక్కున్న కొవ్వు బిందువులు. వేడికి ఆ కొవ్వు కరిగితే ప్రోటీన్ పోగులు ఒకదాని మీద ఒకటి జారి సాగుతాయి. కొవ్వు తీసేస్తే పోగులు దగ్గరగా బిగుసుకుంటాయి. పైన నూనె తడి కూడా లేకపోవడంతో ఉన్న నీరు ఇట్టే ఆవిరై పొర గట్టిపడుతుంది. దీనికి మందు, తురుముకి కాస్త నూనె పట్టించి, మూత పెట్టి చిన్న మంట మీద వండడమే. పనిచేస్తుంది కూడా. కానీ చెంచా నూనె అంటే దాదాపు 5 గ్రాముల కొవ్వు, 45 క్యాలరీలు. 20 గ్రాముల మామూలు చీజ్ స్లైసులో ఉండే కొవ్వు కూడా ఇంచుమించు అంతే! ఇక ఆదా చేసిందేమిటో మీరే చెప్పండి. ఇప్పుడు నూనెలో ముంచిన వేళ్లతో తురుముని ఒకసారి కలిపి వదిలేస్తున్నాను, పావు చెంచా కూడా పట్టదు. కొంత నయం.

లో ఫ్యాట్ స్లైసులు మాత్రం పెనం మీద కాస్త మెత్తబడతాయి. సోడియం సిట్రేట్, ఫాస్ఫేట్ లాంటి లవణాలు కలుపుతారు కదా, ఆ పుణ్యమే. కానీ ఆ లవణాలతోనూ, వేసే ఉప్పుతోనూ సోడియం పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు. ఆవకాయ లేనిదే ముద్ద దిగని ఇంట్లో ఆ లెక్క ఎప్పుడో దాటిపోతుంది. అందుకే స్లైస్ తిన్న రోజు ఆవకాయ జాడీ వైపు చూడను. చూడకూడదనుకుంటాను, అంతవరకే.

కొనేముందు లేబుల్ వెనక్కి తిప్పి చూడండి. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం లో ఫ్యాట్ అనాలంటే 100 గ్రాముల్లో కొవ్వు 3 గ్రాములు మించకూడదు, ఫ్యాట్ ఫ్రీ అనాలంటే 0.5 గ్రాములు. ముందువైపు లైట్ అని రాసి ఉన్నవి నేను చూసినంతలో ఈ 3కి దరిదాపుల్లో కూడా లేవు.

నాకు నిజంగా నచ్చింది డబుల్ టోన్డ్ పాలతో ఇంట్లో చేసుకునే పనీర్. ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం కొవ్వు ఉంటే ఇందులో 1.5 శాతమే. నిమ్మరసంతో విరగ్గొట్టి, గుడ్డలో వడకట్టి, చేత్తో చిదిపి పెసరట్టు మీద ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చితో పాటు చల్లుతాను. అక్కడ కరగాల్సిన అవసరమే లేదు, పైగా కొంచెం పొడిగా ఉంటేనే అట్టు మెత్తబడదు. మిగిలిన నీళ్లు చపాతీ పిండిలోకి పోతాయి.

ఇది రోజూ తినొచ్చని మొదట్లో ఆఫీసులో అందరికీ ప్రచారం చేశాను. ఇప్పుడు కాస్త గొంతు తగ్గించాను. కూరలో వేసి రెండు ఉడుకులు రానిస్తే రబ్బరే, దించే ముందు వెయ్యాలి. ఫుల్ క్రీమ్ పాలతో వచ్చినంత పనీర్ రాదు. విశాఖ ఎండాకాలం ఉక్కకి, మధ్యలో కరెంటు పోతే, మర్నాటికే పులుపు తిరుగుతుంది. ఇక మామూలు పనీర్ తిన్న రోజు భోజనం వేళ దాకా ఆగగలను గానీ, ఇది తిన్న రోజు పదకొండింటికే డ్రాయర్‌లో బిస్కెట్ల కోసం వెతుక్కుంటాను.

ట్రైగ్లిజరైడ్స్ తగ్గాయి. అయితే అదే సమయంలో సాయంత్రం బజ్జీలు మానేశాను, పొద్దున్నే బీచ్ రోడ్డులో నడక మొదలుపెట్టాను, కాబట్టి ఆ ఘనత చీజ్‌కి కట్టబెట్టలేను. మా ఆయనకి ఏ సమస్యా లేదు, ఆయన మామూలు చీజే తింటారు, ఆయన్ని మార్చే ఉద్దేశం కూడా నాకు లేదు. నాలాగా డాక్టరు చెప్పి, చల్లగానో చిదిపో తినేవాళ్లకైతే పనీర్ వైపు వెళ్లమంటాను, బీపీ ఉంటే స్లైసుల సంగతి ఆలోచించుకోండి. పిజ్జా కోసమైతే వద్దు. పిల్లలు మళ్లీ వచ్చినప్పుడు మామూలు మొజరెల్లా తెచ్చాను, నాకొక చిన్న ముక్క ఉంచుకున్నాను.